ఆ బోర్డు మీద 78 ఏళ్లు పోయాయి

అధ్యక్షులవారికి, ఇప్పుడే పంచాంగం వినిపించిన సిద్ధాంతిగారికి, పెద్దలకు, పిల్లలకు ఉగాది నమస్కారాలు. శాలివాహన శకం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఒక్క ఏడాది గురించి చెబుతాను. ఆ శకం లెక్క మొదలైన ఏడు, క్రీస్తు శకం 78.

ఆ ఏడు బతికినవాళ్లెవరికీ అది 78 అని తెలియదు. క్రీస్తు పుట్టుక నుంచి లెక్కపెట్టే పద్ధతి డయొనీసియస్ అనే సన్యాసి 525లో కట్టింది. రోమ్‌ను అప్పుడు వెస్పాసియన్ ఏలుతున్నాడు. అక్కడ ఏడాదిని మనుషుల పేర్లతో పిలిచేవారు: నోవియస్, కొమ్మోడస్ కాన్సుళ్లుగా, అంటే ఏటా మారే పెద్ద అధికారులుగా ఉన్న ఏడు. నగరం పుట్టిన దగ్గర్నుంచి లెక్కిస్తే 831. చైనాలో హాన్ చక్రవర్తి జాంగ్ ఏలుబడి, ఆయన జియాన్‌చు అని పేరు పెట్టుకున్న కాలంలో మూడో ఏడు. విక్రమ శకం 135, కలి 3179. మన అరవై పేర్ల వరస వెనక్కి తిప్పుకుంటూ పోతే బహుధాన్య తగులుతుంది, 1998లో మనం చేసుకున్న ఉగాదే!

ఈ శకానికి శాలివాహనుడి పేరు తర్వాతెప్పుడో అంటుకుంది. ఆయన శాతవాహన రాజని చెబుతారు. కానీ శాతవాహనులు తమ శాసనాల్లో ఈ శకం వాడలేదు, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో వేయించారు. బాదామి గుహలో 578 నాటి చాళుక్య మంగళేశుడి శాసనం శకరాజు పట్టాభిషేకమై అయిదు వందల ఏళ్లు గడిచాయంటుంది. 500కి 78 కలపండి, సరిపోయిందా?

ఇదే మా ఊళ్లో సరిపోలేదు. శివాలయం మండపంలో ఒక రాయి ఉంది. ఏటా వేసిన సున్నం అక్షరాల గుంటల్లో గట్టిపడిపోయింది. బడిపిల్లలు తడిగుడ్డతో రెండు ఆదివారాలు తుడిస్తే ‘శకవర్షంబులు 1172’ బయటపడింది, కింద గణపతిదేవ మహారాజు పేరు, గుడి దీపానికి గొర్రెల దానం. అంటే 1250. తర్వాత ఎవరో బోర్డు పెట్టారు: ‘క్రీ.శ. 1172’. అయ్యా, 1172లో ఓరుగల్లు ఏలింది రుద్రదేవుడు! గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. రాజు పేరు రాతి మీద ఉండగా, ఆయన ఏలుబడి కంటే ముందే దానం ఇప్పించేశారు. మూడుసార్లు చెప్పాను. ‘ఏదో ఒక సంవత్సరంలెండి మాస్టారూ’ అన్నారు. ఏదో ఒకటి ఎలా అవుతుందమ్మా? దీపానికి గొర్రెల్ని ఇచ్చినవాడు తన ఏడాది రాతి మీద చెక్కించి పోయాడు.

ఇంకా చాలా రాసుకొచ్చాను, వదిలేస్తాను. బోర్డు దిద్దమని అర్జీ ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. పచ్చడి తిన్న చేతులు కడుక్కుని వచ్చి సంతకాలు పెట్టండి. తేదీ దగ్గర శక సంవత్సరం కూడా వేయండి.