గైరాంగర్ టికెట్ కొన్నారా? ఆగండి! ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడ దిగితే మీరూ అక్కడే దిగండి

"ఎవరికీ తెలియని తీర గ్రామాలు." ఇదిగో, ఈ బ్రోషర్ మీద రాసింది ఇదే. పేరు చెప్పను, మీకు తెలిసిన ట్రావెల్స్ వాళ్ళదే. కింద ఓడ బొమ్మ వేశారు. ఆ ఓడలో ఎంతమంది పడతారో చిన్న అక్షరాల్లో ఉంది చూడండి. నాలుగు వేలు! అయ్యా, నాలుగు వేల మంది ఒకే పూట దిగే ఊరు ఎవరికీ తెలియని ఊరు ఎట్లా అవుతుంది? దాన్ని మా ఊళ్ళో తిరునాళ్ళు అంటారు.

నమస్తే అన్నలూ, అక్కలూ, చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ. పోయిన వీడియోలో నార్వేలో ఫియోర్డ్ ఒడ్డున ఉన్న గైరాంగర్ అనే ఊరు దండగ అన్నానని కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "నువ్వెప్పుడైనా నార్వే పోయావా రా?" అని ఒకాయన. "దిష్టి పెట్టకు, మా హనీమూన్ అక్కడే" అని ఒక చెల్లెలు. ఇవాళ వెనక్కి తగ్గుతాననుకుంటున్నారా? తగ్గను. ఇంకో మెట్టు ఎక్కుతా.

నా సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్తా, రాసి పెట్టుకోండి. ఓడ రేవులో ఆగగానే మొదట బయటికి వచ్చేది సెల్ఫీ స్టిక్ అయితే, మీరు లోపలే ఉండి టీ తాగండి. మొదట బయటికి వచ్చేది సరుకు ఎత్తి దించే బండి, అదే ఫోర్క్‌లిఫ్ట్ అయితే, చెప్పులు వేసుకుని పరిగెత్తండి. అంతే. దీని పేరు ఫోర్క్‌లిఫ్ట్ సిద్ధాంతం. నవ్వండి, నవ్వండి. వీడియో అయ్యేసరికి మీరే ఒప్పుకుంటారు.

ముందు గైరాంగర్ సంగతి తేల్చేద్దాం. వెళ్ళాను. బాగుంది. ఏడుగురు అక్కచెల్లెళ్ళు అని జలపాతం, కొండ మీంచి జడలు విరబోసుకున్నట్టు పడుతుంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది, ఊరికే ఇవ్వలేదు. ఫియోర్డ్ అంటే ఏంటో మీకు తెలుసు, మంచు నది తవ్విన లోయలోకి సముద్రం వచ్చి కూర్చుంది. మనవాళ్ళందరూ ఓడ డెక్ మీద నిలబడి ఒకటే మాట: "అచ్చం మన పాపికొండలే!" అది మాత్రం నిజం.

కానీ ఆ ఊళ్ళో ఏడాది పొడుగునా కాపురం ఉండేది రెండొందల చిల్లర మంది. నేను దిగిన రోజు వీధిలో కనీసం దానికి పదింతల మంది ఉన్నాం. ఐస్‌క్రీమ్ కోసం లైన్లో నిలబడ్డాను. వెనకాల నుంచి "ఒరే, చిల్లర ఉందా?" అని తెలుగు! తిరిగి చూస్తే నరసరావుపేట వాళ్ళు. ఇరవై నిమిషాలు మిర్చి రేటు మాట్లాడుకున్నాం. మంచివాళ్ళు, వాళ్ళనేం అనను. కానీ నేను అక్కడికి పోయింది మిర్చి రేటు తెలుసుకోవడానికా?

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండిన సంగతి. 2018లో నార్వే పార్లమెంటు ఏం తీర్మానించింది? 2026కల్లా ఈ వారసత్వ ఫియోర్డ్‌లలోకి పొగ వదిలే పర్యాటక ఓడ రాకూడదు అని. చప్పట్లు కొట్టాం. మరి 2026 వచ్చేసరికి? జనవరి 1 నుంచి రూల్ వర్తించేది 10,000 గ్రాస్ టన్నుల లోపు ఓడలకే (గ్రాస్ టన్ను అంటే ఓడ సైజు కొలత). అంతకన్నా పెద్దవాటికి 2032 దాకా గడువు! అంటే చిన్న పడవ పొగ మానెయ్యాలి, తొమ్మిది అంతస్తుల ఓడ మాత్రం ఇంకో ఆరేళ్ళు దర్జాగా రావచ్చు. పెద్ద ఓడలకి టెక్నాలజీ ఇంకా సిద్ధంగా లేదట. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? ఆటోవాడికి చలానా, లారీకి సలాం!

మరి హవీలా అనే నార్వే ఓడల కంపెనీ ఓడ ఏం చేసింది? 10,000 టన్నులు దాటిన ఓడే. 2022లో అదే గైరాంగర్ ఫియోర్డ్‌లోకి బ్యాటరీ మీదే వచ్చి పోయింది. పొగ లేదు, మోత లేదు. నాలుగు గంటల దాకా ఆ బ్యాటరీ లాగుతుంది. టెక్నాలజీ లేదా, మనసు లేదా? మీరే చెప్పండి.

సరే, ఆ ఓడ మామూలుగా తిరిగే రూటే నా అసలు హీరో. నార్వేవాళ్ళు దాన్ని కీస్ట్‌రూటెన్ అంటారు, తీరమార్గం అని. పాత పేరు హుర్టిగ్రూటెన్. బెర్గెన్‌లో బయలుదేరి, రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా 34 రేవులు. పోను రాను పన్నెండు రోజులు. రెండు కంపెనీలవి కలిపి 11 ఓడలు వంతులవారీగా నడుస్తాయి. ఇది క్రూజ్ కాదు అన్నా, మన పల్లెవెలుగు బస్సు! ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు, పార్సిల్ ఆఫీసు కూడా అదే. గోదావరి మీద పంటు ఎక్కినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మొదలుపెట్టాడు. అంతకుముందు మధ్య నార్వేలోని ట్రోండ్‌హైమ్ నుంచి ఉత్తర కొసనున్న హమ్మర్‌ఫెస్ట్‌కి ఉత్తరం వేస్తే ఎండాకాలంలో మూడు వారాలు, చలికాలంలో ఐదు నెలలు పట్టేదట. చీకట్లో ఆ రాళ్ళ మధ్య ఓడ నడపడం మా వల్ల కాదని మిగతా కంపెనీలు చేతులెత్తేశాయి. ఈయన, ఈయన ఓడకి దారి చూపే పైలట్ ఆండెర్స్ హోల్టె దిక్సూచీ గడియారం పెట్టుకుని ఏ దిక్కుకి ఎన్ని నిమిషాలు పోవాలో పుస్తకంలో రాసుకున్నారు. మొదటి ఓడ హమ్మర్‌ఫెస్ట్‌కి 67 గంటల్లో చేరింది. ఐదు నెలల ఉత్తరం మూడు రోజుల్లో!

ఇప్పుడు ఓర్నెస్ అనే ఊరు చూపిస్తా. విన్నారా ఎప్పుడైనా? విననే వినరు. ఓడ ఆర్కిటిక్ వృత్తం దాటిన కాసేపటికి, పొద్దున్నే వస్తుంది. ఆగేది పది పదిహేను నిమిషాలు. అందరూ బఫేలో ఉన్నారు. నేను ప్లేటు వదిలేసి కిందికి దిగాను. ఓడ పక్క తలుపు గ్యారేజ్ షట్టర్ లాగా తెరుచుకుంది. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చింది. ఏం దింపాడో చెప్పనా? టాయిలెట్ పేపర్ కట్టలు, రెండు ట్రాక్టర్ టైర్లు, ఒక కొత్త సోఫా, ప్లాస్టిక్ చుట్టేసి ఉంది. ఆ సోఫా కోసం ముసలాయన, ముసలామె ట్రాలీ తగిలించిన కారేసుకుని ఎదురుచూస్తున్నారు. ఫోర్క్‌లిఫ్ట్ కుర్రాడు దించాడో లేదో, ఆమె ప్లాస్టిక్ మూల చింపి రంగు చూసింది. చూసి, ముసలాయన వైపు ఒక చూపు. అంతే. ఆయన తల వంచుకుని తాళ్ళు కట్టుకుంటున్నాడు. రంగు తప్పొచ్చింది! ఒట్టు, నార్వేజియన్ ఒక్క ముక్క రాదు నాకు, మొత్తం అర్థమైపోయింది. వెనకాల కొండ మీద మంచు, బంగారు ఎండ, అదంతా ఉంది. నేను సోఫానే చూస్తున్నా. హారన్ కొట్టారు, ఎక్కేశాను.

గైరాంగర్‌లో ఇది దొరుకుతుందా? దొరకదు!

ఓర్నెస్‌కి కొంచెం ముందు వచ్చే తీరం ఉంది చూడండి, బ్రోన్నోయ్‌సుండ్ చుట్టుపక్కల నుంచి పైకి. అక్కడ ప్రతి కొండకీ స్థలపురాణమే. టోర్గ్‌హట్టెన్ అనే కొండకి ఈ వైపు నుంచి ఆ వైపుకి బెజ్జం. 160 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు. ఆకాశం ఆ పక్కన కనిపిస్తుంది. కథేంటంటే, గుర్రపువాడు లేకామోయ అనే పిల్ల వెంట పడ్డాడు. దొరకలేదని ఉక్రోషంతో బాణం వేశాడు. సోమ్నా రాజు చూసి తన టోపీ విసిరి అడ్డం వేశాడు. బాణం టోపీలోంచి దూసుకుపోయింది. ఈలోగా సూర్యుడొచ్చాడు, ఎండ తగలగానే అందరూ రాళ్ళైపోయారు. టోపీయే ఈ కొండ. గుర్రపువాడు ఇంకో కొండ. పిల్ల ఇంకో దీవి మీద. ఆమెతో పారిపోతున్న ఏడుగురు అక్కచెల్లెళ్ళు సాండ్నెస్‌షోయెన్ దగ్గర వరసగా ఏడు శిఖరాలు. గైరాంగర్ జలపాతం వేరు, వీళ్ళు వేరు, కలపకండి. నిజానికి బెజ్జం చేసింది మంచూ అలలూ, అప్పట్లో నేల ఇంకా కిందుండేది. కానీ అహల్య కథ వింటూ పెరిగినవాళ్ళకి రాయైపోవడం కొత్తా?

తర్వాత లోఫోటెన్ దీవులు. ఈ పేరు మీకు తెలుసు, అందరూ ఎర్ర గుడిసెల ఫోటో పెడతారు. ఫోటో చాలు, ముక్కుతో రండి! ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పోతే కాడ్ చేపలు తలలు కోసి, తోకలు జతగా కట్టి, తాటి వాసాలంత పొడుగు కర్రల పందిళ్ళ మీద వేలాడదీస్తారు. ఉప్పు వెయ్యరు. మన ఉప్పాడలో ఎండ చేసే పని అక్కడ చలిగాలి చేస్తుంది. మెత్తళ్ళు ఎండబెట్టిన వీధిలో నడిచి ఉంటే ఆ వాసన మీకు సొంత మేనత్త ఇల్లు. పదేళ్ళ పిల్లలు కత్తి పట్టుకుని చేప నాలుకలు కోసి అమ్ముకుంటారు, పాకెట్ మనీ వాళ్ళదే. ఎండిన చేప ఇటలీకి, తలలు నైజీరియాకి, సూప్‌లోకి. ఇటలీవాళ్ళకి ఈ రుచి ఎట్లా తగిలింది అంటే, 1432లో క్వెరీని అనే వెనిస్ కెప్టెన్ ఓడ పగిలి లోఫోటెన్ చివరనున్న రోస్ట్ దీవుల్లో తేలాడు. జాలర్లు తిండి పెట్టి బతికించారు. పోతూ పోతూ ఎండుచేప పట్టుకెళ్ళాడు. ఏ ట్రావెల్స్ వాడూ బుక్ చెయ్యని ట్రిప్పు అది!

ఇక వార్డో. ఇక్కడ కాస్త గొంతు తగ్గిస్తా.

నార్వేలో అన్నిటికన్నా తూర్పు ఊరు. ఇస్తాంబుల్ కన్నా తూర్పున ఉంటుంది, మ్యాప్ తీసి చూసుకోండి. చెట్టు లేదు, గాలి ఒకటే. 1617 క్రిస్మస్ ముందు ఒక్కసారిగా తుఫాను లేచి పది పడవలు మునిగాయి, నలభై మంది పోయారు. ఎవరు చేశారు? ఊళ్ళో ఆడవాళ్ళు మంత్రం వేశారు అన్నారు. ఆ శతాబ్దంలో ఈ ఫిన్‌మార్క్ ప్రాంతంలో మంత్రగత్తెలు అన్న నేరానికి చంపినవాళ్ళు 91 మంది. 77 మంది ఆడవాళ్ళు, 14 మంది మగవాళ్ళు. 2011లో సముద్రం ఒడ్డున వాళ్ళకి స్మారకం కట్టారు. కర్రల చట్రం మీద గుడ్డ బిగించిన పొడుగాటి వసారా. లోపల చీకటి. 91 చిన్న కిటికీలు, కిటికీకో బల్బు, పక్కన గుడ్డ మీద ఒక్కొక్కరి పేరు, మోపిన నేరం. గాలికి గోడ ఊపిరి తీసినట్టు కదులుతుంది. పక్కనే గాజు గదిలో కుర్చీ, కుర్చీలోంచి మంట, ఎప్పుడూ మండుతూనే ఉంటుంది.

చేతబడి చేసిందని ముసలమ్మని కొట్టి చంపారు అన్న వార్త మన పేపర్లో ఇప్పటికీ జిల్లా పేజీలో వస్తుంది. ఆ వసారాలో నడుస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. ఇంకేం మాట్లాడను.

ఈ వార్డోకి పోయే ఓడ తెల్లవారకముందే, మీరు గురక పెడుతున్నప్పుడు వచ్చి పోతుంది! అందుకే ఎవరికీ తెలియదు. ఇక్కడే అసలు కిటుకు. తిరుగు ప్రయాణం ఓడ పగలొస్తుంది, గంట దాకా ఆగుతుంది. పోయేటప్పుడు రాత్రి తగిలిన చాలా రేవులు వచ్చేటప్పుడు పగలు తగులుతాయి. స్టోక్‌మార్క్‌నెస్ కూడా అంతే, రిచర్డ్ విత్ కంపెనీ ఊరు. 1956 నాటి ఓడని మొత్తంగా గాజు భవనంలో పెట్టారు, చిన్నపిల్లాడు బొమ్మని అలమరలో పెట్టినట్టు. మనవాళ్ళేమో బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా సగం టికెట్ కొని, ఫ్లైట్ ఎక్కి వచ్చేస్తారు. సగం సినిమా చూసి బయటికొచ్చి రివ్యూ రాసినట్టు!

"అన్నా, మేం ఆల్రెడీ పెద్ద ఓడకే డబ్బు కట్టేశాం" అంటారా? ఒక్క దారి ఉంది. మీ రూట్లో స్కోల్డెన్ ఉందేమో చూడండి. సోగ్నె ఫియోర్డ్ చిట్టచివరి కొమ్మ, సముద్రం నుంచి రెండొందల కిలోమీటర్లు లోపలికి. విట్‌గెన్‌స్టైన్ అనే తత్వవేత్త మనుషుల గోల పడలేక 1914లో అక్కడ చెరువు మీద కొండకి ఇల్లు కట్టించుకున్నాడు. అదే కొమ్మ మీద ఉర్నెస్ చెక్క చర్చి, పన్నెండో శతాబ్దానిది. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ లేదు, నా సిద్ధాంతం అక్కడ ఫెయిల్. ఒప్పుకుంటున్నా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మిగతావాళ్ళు టికెట్ కొనేముందు టైమ్‌టేబుల్ డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు దిక్కులదీ. పదిహేను నిమిషాలు ఆగే ఊళ్ళన్నిటికీ టిక్ పెట్టండి. ఆ టైముకి పైన డెక్ మీద కాదు, కింద కార్గో తలుపు పక్కన మెట్ల దగ్గర నిలబడండి. ఫోర్క్‌లిఫ్ట్‌ని ముందు పోనివ్వండి, అడ్డం పడకండి, కుర్రాడు తిడతాడు. తర్వాత మీరు. హారన్ వినగానే వెనక్కి, అది ఎవరి కోసమూ ఆగదు.