ఎనిమిది పాదాల పాట

శ్రోతలకు నమస్కారం.

గ్రీకు పురాణాల్లో సగం స్త్రీ, సగం మృగం అయిన ప్రాణులకు కొదవ లేదు. తల మీద వెంట్రుకలకు బదులు పాములున్న మెడూసా. సింహం ఒళ్లు, రెక్కలు, ఆడమనిషి ముఖంతో తీబ్స్ నగరం దగ్గర కాపు వేసి, పొడుపుకథ విప్పలేనివాళ్లను మింగేసిన స్ఫింక్స్. గుడ్డివాడైన ఫినియస్ భోజనానికి కూర్చోగానే ఎగిరొచ్చి తిండి తన్నుకుపోయిన హార్పీలు. సగం అందగత్తె, సగం మహాసర్పం అయిన ఎకిడ్నా. ఈవిడ సంతానం పేర్లు చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. అందుకని ఎకిడ్నాను వదిలేసి, నాకు బాగా ఇష్టమైనవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాను. వాళ్లే సైరెన్లు.

ఎందుకు ఇష్టమంటారా? వాళ్లకు కోరలతో పని లేదు. గొంతు చాలు. మైకు ముందు కూర్చునేవాళ్లకు అసూయ పుట్టించే రాక్షసులు!

ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం పదేళ్లు జరిగింది. అది ముగిశాక ఇంటికి బయలుదేరిన గ్రీకు వీరుడు ఒడిస్సియస్ దారిలో సైరెన్ల ద్వీపం దాటాలి. మంత్రగత్తె కిర్కే ముందే హెచ్చరించింది. వాళ్ల పాట విన్నవాడికి ఇక ఇల్లు లేదు, ఎదురొచ్చే భార్య లేదు, పిల్లలు లేరు. వాళ్లు పచ్చికలో కూర్చుని పాడుతుంటారు, చుట్టూ కుళ్లిన మనుషుల ఎముకల గుట్ట. గమనించండి, సైరెన్లు ఎవరినీ చంపినట్టు, తిన్నట్టు ఈ కథ చెప్పిన ‘ఒడిస్సీ’ కావ్యకర్త, గ్రీకు కవి హోమర్ చెప్పలేదు. విన్నవాడు అక్కడినుంచి కదలడు. అంతే.

ద్వీపం దగ్గరపడింది. గాలి ఒక్కసారిగా పడిపోయింది. నావికులు తెరచాప దించి తెడ్లు అందుకున్నారు. ఒడిస్సియస్ పెద్ద మైనం ముద్ద తీసుకుని, కత్తితో ముక్కలు చేసి, చేతులతో గట్టిగా పిసికాడు. ఎండ వేడి కూడా తోడై మైనం మెత్తబడింది. వరసగా ఒక్కొక్కరి చెవుల్లో దాన్ని కూరాడు. తన చెవుల్లో మాత్రం పెట్టుకోలేదు. తనకు వినాలని ఉంది! వాళ్లు అతన్ని తెరచాప కొయ్యకు నిలబెట్టి, కాళ్లూ చేతులూ కట్టేశారు. విప్పమని బతిమాలితే ఇంకా బిగించండి అని ముందే చెప్పి ఉంచాడు.

అప్పుడు పాట వచ్చింది. మూలంలో అది ఎనిమిది పాదాలు. ఎనిమిదే. వాటి భావం ఇది. రా, ఒడిస్సియస్, అందరూ పొగిడే వీరుడా, ఓడ ఆపి మా గొంతు విను. వినకుండా ఈ దారిన ఎవరూ పోలేదు. విన్నవాడు సంతోషంగా, మరింత తెలిసినవాడై వెళతాడు. ట్రాయ్‌లో మీరు పడ్డ పాట్లు మాకు తెలుసు. భూమ్మీద జరిగేదంతా మాకు తెలుసు.

ఇందులో ప్రేమ మాట ఒక్కటైనా ఉందా? లేదు. పేరు పెట్టి పిలిచారు, పొగిడారు, నీ కథ మాకు తెలుసు అన్నారు. పదేళ్లు యుద్ధం చేసినవాడికి అంతకంటే ఏం కావాలి? సైరెన్లను వగలాడులుగా చూపించే పుస్తకాలూ బొమ్మలూ చూసినప్పుడల్లా నాకు కాస్త కోపం వస్తుంది. ఒడిస్సియస్ కరిగిపోయింది అందానికి కాదు.

నోరు తెరిచి అరిచినా వినేవాళ్లు లేరు కదా, కనుబొమ్మలతో సైగ చేశాడు, విప్పండి అని. నావికుల్లో ఇద్దరు, పెరిమీడిస్, యూరిలోకస్ లేచొచ్చి ఇంకో నాలుగు చుట్లు బిగించారు. ఓడ దాటిపోయింది.

ఇంతకీ వాళ్లు ఎలా ఉంటారు? హోమర్ చెప్పలేదు. గొంతు వినిపించాడు, రూపం చూపించలేదు. రూపం ఇచ్చింది కుండల మీద బొమ్మలు వేసినవాళ్లు. బ్రిటిష్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 480–470 ప్రాంతపు ఎర్రబొమ్మల కుండ ఒకటి ఉంది. ఇటలీలోని వుల్చిలో దొరికింది. కొయ్యకు కట్టేసిన ఒడిస్సియస్ తల వెనక్కి వాల్చి ఉంటాడు. సైరెన్లకు ఆడవాళ్ల తలలు, పక్షుల ఒళ్లు. హోమర్ చెప్పింది ఇద్దరు, ఇక్కడ ముగ్గురు. అందులో ఒకతె కళ్లు మూసుకుని తలకిందులుగా ఓడ వైపు పడిపోతోంది. ఎవరైనా వాళ్ల పాటకు లొంగకుండా దాటిపోతే సైరెన్లు చచ్చిపోతారని తర్వాతి రచయితలు రాశారు. చేపతోక మాత్రం మధ్యయుగాల యూరప్‌లో వచ్చి చేరింది. గ్రీకు సైరెన్‌కు ఈక ఉంటుంది, పొలుసు ఉండదు.

ఇంట్లో పిల్లలకు ఈ కథ చదివి వినిపించాలనుకునేవాళ్లకు ఒక సూచన. ఒడిస్సీ 12వ సర్గ తీయండి. ముందు వచ్చే అంత్యక్రియలు దాటేసి, కిర్కే హెచ్చరిక నుంచి మొదలుపెట్టండి. పాట వచ్చినప్పుడు పిల్లలను చెవులు మూసుకోమనండి. ఎవరూ మూసుకోరు, చూడండి! ఓడ దాటాక ఆపేయండి. ఆ వెంటనే వచ్చేది స్కిల్లా. ఆరు తలలు, పన్నెండు కాళ్లు. ఆరుగురు నావికులను ఒకేసారి ఎత్తుకుపోతుంది. వాళ్లు గాలిలో కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఒడిస్సియస్‌ను పేరు పెట్టి పిలుస్తారు, ఆఖరిసారి. పడుకోబోయే ముందు చదివే ఘట్టం కాదది. మర్నాడు పగటిపూట చదవండి.