ఒక్క వేలికి లేచే కుర్చీ

వ్యాఖ్యాత: నమస్కారం. ఇటలీ ఆధునిక ఆర్కిటెక్టులు భవనాలు కడుతూనే కుర్చీలు, దీపాలు కూడా ఎందుకు చేశారు? మేడమ్, మీతో మొదలుపెడదాం.

ఆర్కిటెక్ట్: వాళ్లకు అవి రెండు వేర్వేరు పనులు కావండీ. జో పోంతీనే చూడండి. 1928లో దోమస్ అనే ఆర్కిటెక్చర్, డిజైన్ పత్రిక పెట్టారు. ఇంజినీరు నెర్వితో కలిసి మిలాన్‌లో 127 మీటర్ల పిరెల్లి టవర్ కట్టారు. ఆ టవర్ ఇంకా లేస్తుండగానే, 1957లో, కస్సీనా కంపెనీ ఆయన సూపర్‌లెజ్జెరా కుర్చీని తెచ్చింది. బరువు 1.7 కిలోలు!

ఫర్నిచర్ మేస్త్రి: నేనైతే మొదట నమ్మలేదు. మా షాపులో టేకు కుర్చీ ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. దీని కాలు మందం 18 మిల్లీమీటర్లు. అదీ గుండ్రంగా కాదు, త్రికోణంగా ఉంటుంది. అంత సన్నటి కాలికి బెజ్జం తొలిచి అడ్డకర్ర బిగించాలి. కాస్త ఎక్కువ తొలిచామా, కాలు చీలిపోతుంది. వడ్రంగి చేతి మీద ఎంత నమ్మకం ఉంటే ఆ గీత గీస్తారు!

వ్యాఖ్యాత: అయితే గొప్పతనం వడ్రంగులదేనంటారా?

ఆర్కిటెక్ట్: పోంతీ కాదనరు. జెనోవా దగ్గర కియావరి అనే ఊళ్లో 1807 నుంచీ తేలికపాటి కుర్చీలు చేస్తున్నారు. ఆయన దాన్నే పట్టుకుని, ఏళ్ల తరబడి ఇంకా ఇంకా సన్నం చేస్తూ వచ్చారు.

ఫర్నిచర్ మేస్త్రి: నన్ను బాగా కదిలించింది మాత్రం 1962లో ఆర్కిటెక్టులైన కాస్తిల్యోనీ అన్నదమ్ములు చేసిన ఆర్కో దీపం. సీలింగుకు బెజ్జం పెట్టకుండానే భోజనాల బల్ల మీద వెలుగు పడాలి. అందుకని పెద్ద స్టీలు వంపు, అది పడిపోకుండా కింద 65 కిలోల దాకా బరువుండే పాలరాయి. ఆ రాయికి అడ్డంగా ఒక రంధ్రం ఉంటుంది. చీపురు కర్ర దూర్చి ఇద్దరు చెరోవైపూ పట్టుకుంటే దీపం ఇంకో చోటికి వెళ్తుంది. మోసేవాడి నడుము గురించి ఆలోచించారండీ!

ఆర్కిటెక్ట్: అదే మేస్త్రిగారూ, నేను కూడా చెప్పాలనుకున్నది. 1964లో మిలాన్ మెట్రో మొదటి లైను స్టేషన్లను ఆల్బీనీ, ఫ్రాంకా హెల్గ్ అనే ఆర్కిటెక్టులు తీర్చిదిద్దారు. మెట్ల పక్కన ఎర్రటి పైపు పట్టుకుని రోజూ వేలమంది దిగుతారు. దాని డిజైనర్ ఎవరని ఎవరూ అడగరు.

వ్యాఖ్యాత: మేస్త్రిగారూ, వీటిలో ఒకటి మీ షాపుకు వస్తే?

ఫర్నిచర్ మేస్త్రి: ఆ కుర్చీయే రావాలి. కాలూ అడ్డకర్రా కలిసేచోట లోపల ఎలా కూర్చోబెట్టారో ఒక్కసారి విప్పి చూస్తాను. మళ్లీ బిగించేస్తాను లెండి.