కట్ అయింది, పడలేదు: అంగడిలో ఫోన్‌తో డబ్బు కట్టేటప్పుడు

శ్రోతలకు నమస్కారం.

తిరుపతి గాంధీరోడ్డులో ఏ అంగడి ముందర కాసేపు నిలబడినా ఈ రెండు మాటలు చెవిన పడతాయి. "కట్ అయిందన్నా" అంటారు కొన్నవాళ్లు. "నాకు పడలేదు స్వామీ" అంటారు అమ్మినవాళ్లు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. అందుకే ఆ తగాదా తెగదు, వెనకాల జనం పెరుగుతూ ఉంటారు. కట్ అవడానికీ పడడానికీ మధ్యలో ఏం జరుగుతుందో, ఆ సమయంలో ఎవరు ఏం చూసుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, పేరు ఏదైనా అంగడిలో స్కాన్ చేసి కట్టేటప్పుడు లోపల నడిచేది యూపీఐ. 2016లో దీన్ని తెచ్చింది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, పొట్టిగా ఎన్‌పీసీఐ. మనం స్కాన్ చేసి, మొత్తం కొట్టి, పిన్ నొక్కగానే ఆ సమాచారం ఎన్‌పీసీఐ దగ్గరికి పోతుంది. అక్కడి నుంచి మన బ్యాంకుకు పోతుంది. బ్యాంకు పిన్ సరిచూసి, ఖాతాలో సొమ్ము ఉంటే తగ్గించేస్తుంది. మన ఫోనుకు బ్యాంకు మెసేజ్ బయలుదేరేది అప్పుడే. అంగడాయన ఖాతా సంగతి ఇంకా మొదలే కాలేదు! ఆ తర్వాత ఎన్‌పీసీఐ అవతలి బ్యాంకుకు "ఇంత జమ చెయ్యండి" అని చెబుతుంది. "చేశాం" అని బదులు వచ్చాకే రెండు పక్కలా కబురు అందుతుంది. మామూలుగా ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. బదులు రావడం ఆలస్యమైతే మన తెరమీద "పెండింగ్" లేదా "ప్రాసెసింగ్" అని కనబడుతుంది.

పెండింగ్ అంటే ఫెయిల్ అయినట్టు కాదు, అయిపోయినట్టూ కాదు. అక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. వెనకాల జనం ఉన్నారని కంగారుపడి వెంటనే రెండోసారి కొడతారు. కాసేపటికి మొదటిది కూడా పడుతుంది. 640 రూపాయల బిల్లుకు 1,280 పోయిందని సాయంత్రం లెక్క చూసుకున్నప్పుడు గానీ తెలియదు. పెండింగ్ చూపితే ఒకటి రెండు నిమిషాలు ఆగండి, యాప్‌లో హిస్టరీ తెరిచి ఆ చెల్లింపు మీద నొక్కి మళ్లీ చూడండి. "ఫెయిల్డ్" అని స్పష్టంగా వస్తేనే రెండోసారి కొట్టండి. అంతసేపు ఆగే వీలు లేకపోతే నోట్లు ఇచ్చేయండి, మొదటి చెల్లింపు వివరాలు అంగడాయనకు చూపించి, తర్వాత పడితే తిరిగి పంపమని చెప్పండి. ఫోన్ నంబరు రాసి ఇస్తే ఇంకా మంచిది.

ఫెయిల్ అయ్యి, మన ఖాతాలో మాత్రం తగ్గి ఉంటే? దీనికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. అంగడికి కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, అంగడికి ఖరారు కబురు అందకపోతే, ఆ రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలి. మనిషికి మనిషి పంపుకున్న డబ్బైతే మరుసటి రోజుకే రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం బ్యాంకే ఇవ్వాలి. ఈ 100 రూపాయల సంగతి మీకై మీరు గుర్తుచేయకపోతే కౌంటర్లో ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు అంగడి పక్కకు వద్దాం. కౌంటర్ మీద ఉండే సౌండ్ బాక్స్ పలికితేనే డబ్బు వచ్చినట్టు, పలకకపోతే రానట్టు అని చాలామంది లెక్క. ఆ బాక్స్ మన ఫోనుతో గానీ బ్యాంకుతో గానీ మాట్లాడదు. అందులో దానిదే ఒక సిమ్ ఉంటుంది, దానిదే ఒక బ్యాటరీ ఉంటుంది. క్యూఆర్ ఇచ్చిన కంపెనీ సర్వర్ నుంచి కబురు వస్తే చదువుతుంది. చార్జింగ్ అయిపోయినా, గల్లా పెట్టె వెనకాల మూలన పెట్టి సిగ్నల్ అందకపోయినా నోరు మూసుకుంటుంది. డబ్బు మాత్రం వచ్చే ఉండొచ్చు. అందుకని బాక్స్ పలకనప్పుడు అంగడివాళ్లు చూడాల్సింది తమ వ్యాపార యాప్‌లోని లావాదేవీల పట్టీ. బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూసినా లాభం లేకపోవచ్చు. కంపెనీ క్యూఆర్ పెట్టుకున్న చాలా అంగళ్లలో రోజంతా వచ్చిన సొమ్ము కంపెనీ దగ్గర చేరి, ఒకేసారి బ్యాంకు ఖాతాలో పడుతుంది. అలాంటప్పుడు ఒక్కో బిల్లుకూ బ్యాంకు నుంచి మెసేజ్ రాదు. "బ్యాంకు మెసేజ్ రాలేదు, కాబట్టి నువ్వు కట్టలేదు" అనే వాదన అక్కడ చెల్లదు.

తేల్చే ఆధారం ఒకటుంది. ప్రతి యూపీఐ చెల్లింపుకు 12 అంకెల నంబరు వస్తుంది. యాప్‌లో యూటీఆర్ అని గానీ, యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అని గానీ రాసి ఉంటుంది. మీ తెరమీది చివరి 4 అంకెలు, మొత్తం, సమయం అంగడాయన పట్టీలో ఉన్నవాటితో సరిపోతే తగాదా అక్కడితో సరి. స్క్రీన్‌షాట్ మాత్రం ఆధారం కాదు. పచ్చ టిక్కు, అంగడి పేరు, మొత్తం అన్నీ అచ్చం అలాగే చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి. సందడి వేళ తెర చూపించి వెళ్లిపోయేవాళ్లను నమ్మి మోసపోయే అంగడివాళ్లు ఉన్నారు. తన ఫోనులో గానీ బాక్సులో గానీ రానిదాన్ని ఎవరి తెరమీదా చూసి ఒప్పుకోకూడదు.

క్యూఆర్ బొమ్మలు రెండు రకాలు. గోడకు అంటించినదీ, కౌంటర్ మీద నిలబెట్టినదీ మారనిది. అందులో మొత్తం మనమే కొట్టాలి. సూపర్ మార్కెట్లో, మందుల షాపులో బిల్లు మిషన్ తెరమీద వచ్చేది ఆ ఒక్క బిల్లుకే. మొత్తం అందులోనే ఉంటుంది, మార్చడానికి వీలుండదు. దానికి గడువు కొద్ది నిమిషాలే. సంచీలోంచి ఒక సబ్బు తీసేసి బిల్లు మార్చారంటే పాత బొమ్మ పనికిరాదు, కొత్తది తెప్పించుకోవాలి. గోడ మీది బొమ్మతో ఇంకో ఇబ్బంది ఉంది. దాని మీద వేరేవాళ్లు తమ క్యూఆర్ అంటించి పోయిన సంఘటనలు జరిగాయి. పొద్దున అంగడి తెరవగానే ఒక్క రూపాయి కొట్టి చూసుకుంటే చాలు. కొనేవాళ్లు స్కాన్ చేశాక వచ్చే పేరు పైకి చదవాలి. బోర్డు మీద అంగడి పేరుంటే, తెరమీద యజమాని పేరో, ఆయన భార్య పేరో రావచ్చు. అందులో తప్పు లేదు, అడిగి తెలుసుకుని కట్టండి. పొరబాటున వేరొకరికి పోయిన డబ్బును, వాళ్లు ఒప్పుకోకుండా వెనక్కి లాక్కోవడం బ్యాంకుకు వీలుపడదు.

అసలు డబ్బు కట్ అవకముందే ఆగిపోతే కారణాలు వేరు. పిన్ మూడుసార్లు తప్పు కొడితే ఎక్కువ బ్యాంకులు 24 గంటలు పిన్ ఆపేస్తాయి. రెండుసార్లు తప్పితే మూడోసారి ప్రయత్నించకుండా, యాప్‌లో "పిన్ మర్చిపోయాను" అనే దారిలో డెబిట్ కార్డుతో గానీ ఆధార్‌తో గానీ కొత్తది పెట్టుకోండి. రోజు పరిమితి మామూలుగా లక్ష రూపాయలు. ఆసుపత్రి, కాలేజీ ఫీజుల వంటివాటికి అంతకంటే ఎక్కువ అనుమతిస్తారు. జూన్‌లో చిత్తూరు తోతాపురి కాయల లెక్కలు లక్ష దాటితే యూపీఐతో కుస్తీ పట్టకుండా బ్యాంకు ద్వారా నెఫ్ట్ గానీ, రెండు లక్షలూ అంతకు మించీ అయితే ఆర్టీజీఎస్ గానీ చెయ్యడమే తేలిక. "బ్యాంక్ సర్వర్ బిజీ" అని వస్తే మీ నెట్‌వర్క్‌ది తప్పు కాదు, మీ బ్యాంకుది. రెండో బ్యాంకు ఖాతా అదే యాప్‌లో కలిపి ఉంచుకుంటే అక్కడికక్కడే మార్చి కట్టొచ్చు.

గంగజాతర రోజు, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు టవర్ల మీద జనం భారం ఎక్కువై డేటా నత్తనడక నడవొచ్చు. "యూపీఐ లైట్ ఉందిలే" అనుకుంటారు కొందరు. లైట్ అంటే ఫోనులోనే చిన్న పర్సు. అందులో 5,000 దాకా నింపుకోవచ్చు, ఒకసారికి 1,000 దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. ప్రతి చిన్న చెల్లింపుకూ మన బ్యాంకు సర్వర్‌ను తట్టదు కాబట్టి బ్యాంకు సర్వర్ మొరాయించినా ఇది పనిచేస్తుంది. కానీ మామూలు లైట్‌కు డేటా కావాలి. టవరే అందకపోతే అదీ పనిచెయ్యదు. టీ, అరటిపండ్లు, ఆటో వంటివాటికి మాత్రం లైట్‌ను మించింది లేదు. బ్యాంకు పాస్‌బుక్కు పది రూపాయల వరసలతో నిండిపోకుండా ఉంటుంది. పిన్ అడగదు గనక ఫోనుకు తాళం తప్పనిసరి. ఇక కొండ మీదికి పోయేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే: దర్శనం క్యూలోకి ఫోను రానివ్వరు, ముందే డిపాజిట్ చెయ్యాలి. జేబులో కొన్ని నోట్లు ఉండి తీరాలి.

పిన్ సంగతి చాలామందికి తెలుసు, అయినా మోసం దీనితోనే జరుగుతోంది. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. తీసుకోవడానికి కాదు. "మీకు రీఫండ్ పంపుతున్నాం, ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టండమ్మా" అన్నారంటే అది దొంగతనమే. నిజమైన రీఫండ్ మనం ఏమీ నొక్కకుండానే కట్టిన ఖాతాలోకి వస్తుంది. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతక్కండి, నకిలీ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే ఫిర్యాదు చేసే చోటు కనబడుతుంది. అక్కడ పని కాకపోతే బ్యాంకుకు రాసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి పోవచ్చు, వివరాలకు 14448కి ఫోన్ చెయ్యండి. మోసపోయి డబ్బు పోతే మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోకుండా ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే, దొంగ ఖాతాలో సొమ్ము ఇంకా ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫోనే పోతే? ఇంకొకరి ఫోను నుంచి ముందు సిమ్ ఆపించండి, వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. కొత్త సిమ్ తీసుకున్న రోజే యాప్ తెరుచుకుంటుందని అనుకోవద్దు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, యాప్ మనల్ని గుర్తుపట్టేదేమో ఆ సిమ్ నుంచి పోయే ఎస్సెమ్మెస్‌తోనే. అది గడిచాక యాప్ పెట్టుకున్నా మొదటి 24 గంటల్లో పంపగలిగేది 5,000 దాకానే. ఆ రెండు రోజుల ఖర్చుకు ఏటీఎంలో ముందే నోట్లు తీసి పెట్టుకోండి.

నమస్కారం.