పైన ఆకేశారు, కింద ఏం వేశారు బాబూ?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది, మన్నించండి. నన్ను ట్రెకింగ్ వల్ల లాభాల గురించి మాట్లాడమన్నారు. అది ఎవరైనా చెప్తారు. నేను మాత్రం అడవిలో రాత్రికి చిక్కుపడిపోతే ఎలా తలదాచుకోవాలో చెప్తాను, ఎందుకంటే అది తెలీక మా ఫ్రెండ్ చచ్చేంత పనయింది.

డిసెంబర్ నెల. మారేడుమిల్లి దాటాక లోపల ఒక వాగు వెంట వెళ్లాం, ముగ్గురం. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పాం, దానికితోడు మధ్యాహ్నం నుంచీ ముసురు, బట్టలన్నీ తడిసిపోయాయి, అయిదింటికే చెట్ల కింద చీకటి. అప్పటికే నేను మూడు రోజుల ట్రైనింగ్ క్యాంప్ ఒకటి చేసున్నాను, తాళ్లు, ముడులు, కప్పు వాలు ఎంత ఉండాలి అన్నీ నేర్పారు. అందుకని ఎండు వెదుళ్లు ఏరి, అడ్డాకులు ఒకదాని మీద ఒకటి పరిచి కప్పేశాం. ఒక్క చుక్క కారలేదండీ. దాని కింద ఉత్త నేల మీద పడుకున్నాం.

రాత్రంతా నేల మా ఒంట్లో వేడి లాగేసుకుంటూనే ఉంది. మావాడు ముందు గజగజ వణికాడు. తర్వాత జిప్ పెట్టుకోలేకపోయాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. కాసేపటికి వణుకు ఆగిపోయింది, హమ్మయ్య తగ్గిందిలే అనుకున్నాను. పిల్లలూ ఇది రాసుకోండి, తడిసినవాడు ఒళ్లు వెచ్చబడకుండానే వణకడం మానేశాడంటే తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందకి దిగితే హైపోథెర్మియా అంటారు. దానికి మంచు పడక్కర్లేదు, తడి బట్టలూ గాలీ ఉంటే మన కొండల్లో కూడా వస్తుంది. ఇంకొకడు బ్యాగ్ అడుగున పొడి చొక్కా ఉందని గుర్తు తెచ్చుకున్నాడు కాబట్టి సరిపోయింది. వాడికి అది తొడిగి, ఇద్దరి మధ్యలో ఇరికించుకుని తెల్లారేదాకా కూర్చున్నాం.

పొద్దున్నే అక్కడి కొండరెడ్డి గిరిజనుల తాత ఒకాయన అటుగా వచ్చాడు. మా పాక చూశాడు, వంగి నేల మీద చెయ్యి పెట్టి అడిగాడు, "పైన ఆకేశారు, కింద ఏం వేశారు బాబూ?" అంతే. ఒక బండ కింద నుంచి ఎండాకులు దోసిళ్లతో తెచ్చి కుప్ప పోసి మావాణ్ణి దానిమీద పడుకోబెట్టాడు. మూడు రోజులు క్లాసు పీకినవాళ్లు కింద గురించి ఒక్క ముక్క చెప్పలేదు! ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే ముందు పరుపు. మోకాలెత్తు ఎండాకులు పోయండి, పడుకుని అణచండి, మళ్లీ పోయండి. మీ బరువు పడ్డాక కూడా జానెడు మందం మిగలాలి. వాన పడిందా, పై పొర తీసేస్తే కింద పొడాకులు దొరుకుతాయి, బండల చాటున చూడండి. చేత్తో దేవొద్దు, ముందు కర్రతో కొట్టండి, తేళ్లుంటాయి, పాములుంటాయి.

కప్పు తర్వాత. మీ ఎత్తుకి ఒకటిన్నర రెట్లుండే గట్టి ఎండు దుంగ తీసుకుని ఒక కొస నడుమెత్తు చెట్టు పంగలో పెట్టండి, రెండో కొస నేలకి ఆనించండి. రెండు పక్కలా పుల్లలు ఏటవాలుగా, వాటిమీద అడ్డంగా చిన్న రెమ్మలు, ఆపైన ఆకులు కనీసం మూరన్నర మందం. లోపల మీరు పట్టేంతే ఉండాలి, పెద్దదైతే మీ ఒంటి వేడి దాన్ని వెచ్చబరచలేదు. గాలి కొట్టేవైపు ద్వారం పెట్టకండి, బ్యాగులో ఆకులు కుక్కి అదే తలుపుగా అడ్డం పెట్టుకోండి. వాగు ఇసకలో వద్దు, పైన ఎక్కడో వాన పడితే అర్ధరాత్రి నీళ్లొస్తాయి. ఎండుకొమ్మ వేలాడే చెట్టు కింద వద్దు, కొండ నెత్తిమీద వద్దు.

ఇదంతా చెయ్యడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ రోజు మేము అయిదుదాకా దారి వెతుక్కుంటూనే ఉన్నాం, అదే పెద్ద తప్పు. శీతాకాలంలో మూడింటికల్లా దారి దొరకలేదంటే నడక ఆపెయ్యండి. దయచేసి ఆపెయ్యండి. ఉన్నచోటే ఉండి, విజిల్ మూడేసి సార్లు ఊదుతూ ఉండండి, చాలాచోట్ల మూడు అంటే ఆపదలో ఉన్నామనే. నిప్పు మీద ఆశ పెట్టుకోకండి, తడి కట్టె అంటుకోదు, పైగా రిజర్వ్ ఫారెస్ట్‌లో మంట పెట్టడం నేరం. పచ్చి చెట్టు కొట్టొద్దు, పడిపోయిందే వాడండి.

బ్యాగులో రెండు పెద్ద నల్ల చెత్త కవర్లు పెట్టుకోండి. ఒకదాంట్లో ఆకులు నింపితే పరుపు, రెండోదానికి మొహం బయటికొచ్చేలా కన్నం పెట్టి తొడుక్కుంటే వానకి గొడుగు. కన్నం పెట్టని కవర్లో తల మాత్రం దూర్చకండి, ఊపిరాడదు.

స్లైడ్లు ఇంకా ఉన్నాయి గానీ వద్దులెండి. హాలు వెనక మామిడిచెట్ల కింద ఎండాకులు బాగా రాలి ఉన్నాయి, వచ్చేటప్పుడు చూశాను. బ్యాగులు ఇక్కడే పెట్టి, ముగ్గురేసి ఒక జట్టు కట్టి బయటికి రండి. కప్పు జోలికి పోకుండా జానెడు పరుపు వేసి దానిమీద పడుకుని చూపించండి, నేనొచ్చి ఒక్కొక్కదాని కిందా చెయ్యి పెట్టి చూస్తాను.