కార్డు మిగిలింది, సంభాషణ ఏది?

సభాధ్యక్షులకు, నిర్వాహకులకు, ఎదుట కూర్చున్న ప్రోగ్రామర్లు, టెస్టర్లు, అనలిస్టులు, ప్రోడక్ట్ ఓనర్లు అందరికీ నమస్కారం. కార్యక్రమ పత్రంలో నా ప్రసంగాంశాన్ని "ఎజైల్ పద్ధతిలో అవసరాల నిర్వహణ: యూజర్ స్టోరీల పాత్ర" అని అచ్చువేశారు. ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న ముక్కలుగా తయారుచేస్తూ, వాడేవారి స్పందనను బట్టి మార్చుకుంటూ పోయే పద్ధతి. ఆ అంశానికి కట్టుబడే మాట్లాడతాను. అయితే చాలాకాలంగా మనసులో ఉన్న ఒక ఫిర్యాదును మీ ముందు పెట్టాలనే ఈ ఆహ్వానాన్ని అంగీకరించానని ముందే చెప్పడం మర్యాద. మనం యూజర్ స్టోరీలు, అంటే వాడేవారి అవసరాన్ని వారి వైపు నుంచి క్లుప్తంగా చెప్పే రాతలు, విరివిగా రాస్తున్నాం, కానీ వాటి గురించి, ఎవరి కోసం రాస్తున్నామో ఆ మనుషులతో మాట్లాడటం దాదాపు మానేశాం.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1990ల రెండో సగంలో అమెరికా కార్ల తయారీ సంస్థ క్రిస్లర్ తన ఉద్యోగుల వేతనాల లెక్కల కోసం చేపట్టిన ప్రాజెక్టులో కెంట్ బెక్, ఆయన సహచరులు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఎజైల్ పద్ధతికి రూపం ఇచ్చారు. వందల పుటల అవసరాల పత్రం తయారుచేసి, దాని మీద సంతకాలు చేయించుకుని, ఆ తర్వాత కోడ్ మొదలుపెట్టడం అప్పటికి మామూలు పద్ధతి. వీరు దానికి బదులు ఒక్కో అవసరాన్ని ఒక్కో చిన్న కార్డు మీద రెండు మూడు వాక్యాల్లో రాసుకున్నారు. కార్డు చిన్నదిగా ఉండటంలోనే కిటుకు ఉంది. వివరాలన్నీ దాని మీద పట్టవు కనుక, పని మొదలుపెట్టే ప్రోగ్రామరు ఆ వ్యవహారం తెలిసిన మనిషి దగ్గరకు వెళ్లి అడిగి తీరాలి. అలా అడిగేందుకు వీలుగా ఆ మనిషి జట్టుతోపాటే కూర్చోవాలన్నది ఆ పద్ధతిలో ఒక నియమం. ఆ ప్రాజెక్టు 2000లో ఆగిపోయింది కాబట్టి దాన్ని విజయగాథగా నేను చెప్పడం లేదు. కార్డును ఎందుకు అంత చిన్నదిగా ఉంచారో మాత్రం మీరు గమనించాలని కోరుతున్నాను.

2001లో, అదే ప్రాజెక్టులో పనిచేసిన రాన్ జెఫ్రీస్ దీన్నే మూడు భాగాలుగా విడదీసి చెప్పారు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. కార్డు అవసరాన్ని గుర్తుచేస్తుంది, సంభాషణ దాని వివరాలను బయటికి తెస్తుంది, అనుకున్నదే తయారైందని పరీక్షలు నిర్ధారిస్తాయి. యూజర్ స్టోరీ అంటే ముందుముందు మాట్లాడుకుంటామని ఇచ్చిన మాట అని సాఫ్ట్‌వేర్ పద్ధతుల నిపుణుడు ఆలిస్టర్ కాక్‌బర్న్ అన్నదీ ఈ అర్థంలోనే. ఈ మూడింటిలో కార్డు ఇప్పుడు పనులను నమోదుచేసే ట్రాకింగ్ టూల్‌లోకి ఎక్కింది, నిర్ధారణ పరీక్షలను వాటంతట అవే నడిపే ఆటోమేషన్ స్క్రిప్టుల్లోకి వెళ్లింది. నడుమ ఉండవలసిన సంభాషణకు ఏ టూల్‌లోనూ గడి లేదు, అందుకే అది జారిపోయింది.

"ఫలానా పాత్రలో ఉన్న నాకు, ఫలానాది కావాలి, ఫలానా ప్రయోజనం కోసం" అనే మూస మీకందరికీ కంఠస్థం. అది 2001 ప్రాంతంలో లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే సంస్థలో రూపుదిద్దుకుంది, 2004లో యూజర్ స్టోరీల మీద మైక్ కోన్ పుస్తకం వచ్చాక ప్రపంచమంతా వ్యాపించింది. మంచి మూస అది. ఎవరికి, ఏమిటి, ఎందుకు అన్న మూడు ప్రశ్నలను ఒకే వాక్యంలో అడుగుతుంది. కానీ ప్రశ్నలుగా పుట్టిన ఆ మూడు భాగాలనూ మనం దరఖాస్తు ఫారంలోని ఖాళీల్లాగా నింపుతున్నాం.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఒక ఆసుపత్రి కోసం మందుల నిల్వల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న జట్టు పనిని దగ్గర నుంచి చూసే అవకాశం నాకు కలిగింది. వారి బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయవలసిన పనుల జాబితాలో, ఒక స్టోరీ ఇలా ఉంది: "మందుల స్టోరు ఇన్‌చార్జిగా, నిల్వల నివేదికను ఎక్సెల్‌లోకి దించుకునే వీలు నాకు కావాలి, దానివల్ల నివేదిక నాకు ఎక్సెల్‌లో అందుతుంది." ఆ మూడో భాగాన్ని మరోసారి చదవండి. అందులో ప్రయోజనం లేదు. రెండో భాగమే వేషం మార్చుకుని వచ్చింది.

జట్టు శ్రద్ధగానే పనిచేసింది. ఏ కాలమ్ తర్వాత ఏ కాలమ్ రావాలి, ఫైలు పేరు ఎలా ఉండాలి వంటివన్నీ రాసుకున్నారు. పరీక్షలన్నీ నెగ్గాయి, డెమోలో చప్పట్లు కూడా కొట్టారు. విడుదల తర్వాత తేదీల విషయంలో ఏదో సందేహం వచ్చిన ఒక టెస్టరు నేరుగా స్టోరుకు వెళ్లి ఇన్‌చార్జి పక్కన కూర్చుంది. ఇన్‌చార్జి ప్రతి సోమవారం పొద్దున్నే ఆ ఫైలు దించుకుని, గడువు తేదీల వారీగా వరుస మార్చి, మూడు నెలల్లో గడువు తీరే మందులకు పసుపు రంగు వేసి, ఒక్కో వార్డుకూ ఫోన్ చేసి, ముందు వీటిని వాడండి అని చెబుతోంది. ఈ సోమవారం పని సంగతి జట్టులో ఒక్కరికీ తెలియదు.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి బయటపడింది. నివేదికలో మందుకు ఒక్క వరుసే ఉంది. ఒకే మందు రెండు బ్యాచ్‌లుగా వచ్చినప్పుడు అది రెండింటి పరిమాణాలనూ కలిపి, చివరగా వచ్చిన బ్యాచ్ గడువు తేదీని చూపిస్తోంది. ముందుగా గడువు తీరే పాత బ్యాచ్ ఆ ఫైలులో కనిపించనే కనిపించదు. ఇన్‌చార్జి అరల్లోని డబ్బాలను చేత్తో తిప్పి చూసుకుంటూ ఆ తేడాను పట్టుకుంటోంది. సాఫ్ట్‌వేర్ అంటే అలాగే ఉంటుందనుకుని ఆమె ఎవరికీ చెప్పలేదు, మనవాళ్లు ఎవరూ అడగలేదు.

మిత్రులారా, ఈ మాటను మళ్లీ అంటాను: ఎవరూ అడగలేదు. స్టోరీ మూస ప్రకారమే ఉంది, పని ఎంతో చెప్పే అంచనా పాయింట్లు ఉన్నాయి, పని పూర్తయిందని తేల్చే అంగీకార ప్రమాణాలు ఉన్నాయి, అవన్నీ నెరవేరాయి కూడా. అరగంట సంభాషణ ఒక్కటే లేదు. ఆ అరగంట ముందే జరిగి ఉంటే స్టోరీ ఇలా ఉండేది: "స్టోరు ఇన్‌చార్జిగా, గడువు దగ్గరపడిన బ్యాచ్‌లు ఏ వార్డులో ఎన్ని ఉన్నాయో నాకు తెలియాలి, అవి వృథా కాకముందే వాడించడానికి." అప్పుడు ఎక్సెల్ ఫైలు అవసరమే ఉండకపోవచ్చు, ఆ జాబితాను వార్డులో పనిచేసే నర్సుకే నేరుగా చూపించవచ్చు.

అంగీకార ప్రమాణాలు కూడా ఆ సంభాషణలోంచే పుడతాయి. సాఫ్ట్‌వేర్ నిపుణుడు డాన్ నార్త్ తదితరులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ముందు ఉన్న పరిస్థితి, తర్వాత జరిగిన పని, ఆపైన రావలసిన ఫలితం అని మూడు మెట్లుగా వాటిని రాస్తాం. ఒకే మందుకు రెండు బ్యాచ్‌లు ఉండి, ఒకటి వచ్చే నెలలోనూ మరొకటి వచ్చే ఏడాదిలోనూ గడువు తీరుతున్నప్పుడు, ఇన్‌చార్జి జాబితా తెరిస్తే, వచ్చే నెల గడువు తీరే బ్యాచ్ విడి వరుసగా ముందు కనిపించాలి. ఇంత నిర్దిష్టమైన వాక్యాన్ని ఆఫీసులో కూర్చుని ఊహించి రాయలేం. రెండు బ్యాచ్‌ల డబ్బాలను పక్కపక్కన చూసిన మనిషే ఈ మాట చెప్పగలదు.

అంచనాల గురించి, జట్టంతా కార్డులతో అంచనా వేసే ప్లానింగ్ పోకర్ గురించి కూడా చెప్పాలని సిద్ధపడి వచ్చాను గానీ, సమయం చూస్తే వాటిని వదిలేసి ఇంకో రెండు విషయాలు చెప్పడం మేలనిపిస్తోంది.

మంచి స్టోరీకి ఉండవలసిన లక్షణాలను ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ రచయిత బిల్ వేక్ 2003లో ఆరింటిగా చెప్పారు: ఇతర స్టోరీల మీద ఆధారపడకపోవడం, చర్చించి మార్చుకోగలగడం, వాడేవారికి విలువనివ్వడం, అంచనాకు అందడం, చిన్నదిగా ఉండటం, పరీక్షించగలగడం. చిన్నదిగా ఉండాలన్న లక్షణాన్ని మనం పట్టుకున్నాం, చర్చించి మార్చుకోగలగడాన్ని వదిలేశాం. చిన్నవిగా చేసే తొందరలో "డెవలపర్‌గా నాకు డేటాబేసులో ఒక టేబుల్ కావాలి" అని ఒకటి, "డెవలపర్‌గా నాకు ఒక స్క్రీన్ కావాలి" అని మరొకటి రాస్తున్నాం. డేటాబేసు ఒక స్ప్రింట్‌లో, అంటే కొద్ది వారాల పని విడతలో, స్క్రీన్ మరో స్ప్రింట్‌లో పూర్తయితే, ఇన్‌చార్జికి చూపించి అడగడానికి నడుమ ఏమీ ఉండదు. ఒకే వార్డుకు, ఒకే రకం మందులకు పరిమితం చేసైనా సరే, స్క్రీన్ నుంచి డేటాబేసు దాకా పనిచేసే ముక్కను ముందు తయారుచేయాలి. అప్పుడే ఆమె దాన్ని వాడి చూసి, ఇది ఇలా కాదు అని చెప్పగలుగుతుంది.

రెండోది, రాతపూర్వక పత్రాల సంగతి. వైద్యం, విమానయానం వంటి రంగాల్లో ప్రతి అవసరానికీ రాతపూర్వక ఆధారం, దాని నుంచి పరీక్ష దాకా ఆనవాలు ఉండాలని నియంత్రణ సంస్థలు కోరతాయి. భద్రత, వేగం వంటి అవసరాలు ఒక స్టోరీలో ఇమడవు. అవి స్టోరీలన్నిటికీ వర్తించే షరతులు, కాబట్టి విడిగా రాసుకోవాలి. ఇవన్నీ రాయండి, వివరంగానే రాయండి. నేను పత్రాలకు వ్యతిరేకిని కాను. మాట్లాడి తెలుసుకున్నది రాయమని మాత్రమే నా విన్నపం. మాట్లాడకుండా రాసింది ఒక వాక్యమైనా, వంద పుటలైనా మన ఊహే అవుతుంది.

నిర్వాహకులు ప్రశ్నోత్తరాలకు కొంత సమయం ఇచ్చారు. వారి అనుమతితో దాన్ని మరో విధంగా వాడుకుంటాను. దయచేసి మీ ల్యాప్‌టాప్‌లు తెరిచి, వచ్చే స్ప్రింట్‌లో మొదటి వరుసలో ఉన్న స్టోరీని పక్కనున్నవారికి చదివి వినిపించండి. విన్నవారు మూడే ప్రశ్నలు అడగండి: ఈ పనిని ఇప్పుడు ఎవరు, ఎలా చేసుకుంటున్నారు? అది మీకు ఎవరు చెప్పారు? వారితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? మొదటి జంటగా ముందు వరుసలో కుడిచివర కూర్చున్న ఇద్దరూ ఇలా రండి, మైకు ఇక్కడ ఉంది.