టన్నెల్ అప్, పేజీ మాత్రం తెరుచుకోదు

[తెర మీద: రెండు రౌటర్లు, మధ్యలో ఇంటర్నెట్]

నమస్కారం. హైదరాబాద్ ఆఫీసులో 192.168.10 నెట్‌వర్క్, విజయవాడ బ్రాంచిలో 192.168.20 ఉన్నాయనుకుందాం. రెండుచోట్లా ఇంటర్నెట్ ఉంది. అయినా ఇక్కడి నుంచి అక్కడి ప్రింటర్‌కి పింగ్ (అందుతోందా అని చూసే చిన్న ప్యాకెట్) కొడితే పోదు. 192.168 అనేవి ఆఫీసు లోపలి అడ్రస్‌లు, బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. కవరు మీద "మేడ మీద గది" అని మాత్రమే రాసి పోస్టు డబ్బాలో వేస్తే ఎక్కడికి చేరుతుంది? దాన్ని ఇంకో కవరులో పెట్టి, పైన వీధి అడ్రస్ రాయాలి. జీఆర్ఈ (ఒక ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపే పద్ధతి) టన్నెల్ చేసేది అదే. 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1701 అనే ఇంటర్నెట్ పత్రంలో ఉన్న పాత పద్ధతే.

[తెర మీద: హైదరాబాద్ రౌటర్ కన్సోల్]

సిస్కో రౌటర్‌లో ఇంటర్‌ఫేస్ టన్నెల్ 0 తెరిచి, 10.0.0.1, మాస్క్ 255.255.255.252 ఇవ్వండి. టన్నెల్ సోర్స్ మన పబ్లిక్ ఐపీ, 203.0.113.1. డెస్టినేషన్ అవతలిది, 198.51.100.1. విజయవాడలో ఇవే తిరగేసి, 10.0.0.2తో. తర్వాత అవతలి నెట్‌వర్క్‌కి రూట్ టన్నెల్ మీదుగా రాయండి, రెండువైపులా. ఒకవైపే రాస్తే వెళ్లింది తిరిగి రాదు. ఫైర్‌వాల్ ఉంటే ప్రోటోకాల్ 47ని, అంటే జీఆర్ఈని, వదలాలి. పోర్ట్ 47 కాదండోయ్!

"అప్" కనిపించగానే సంబరపడకండి. అవతలివైపు ఉందా అని అప్పుడప్పుడు అడిగే కీప్‌అలైవ్ పెట్టకపోతే, అవతలి రౌటర్‌కి కరెంటు పోయినా ఇక్కడ అప్ అనే ఉంటుంది.

ఇక నన్ను ఓ సాయంత్రమంతా కూర్చోబెట్టిన సంగతి. పింగ్ చక్కగా పోతోంది. బ్రాంచి నుంచి ఫోన్: "సార్, లాగిన్ పేజీ తెల్లగా తిరుగుతూనే ఉంది."

[తెర మీద: 1500 - 24 = 1476]

మామూలుగా ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. పై కవరుకే 24 పోతాయి, ఐపీకి 20, జీఆర్ఈకి 4. మిగిలేది 1476. పింగ్ చిన్నది కాబట్టి దూరిపోయింది. పేజీ పంపే పెద్ద ప్యాకెట్ మీద "ముక్కలు చేయొద్దు" అని ఉంది, రౌటర్ దాన్ని పారేసింది. "చిన్నది పంపు" అని ఐసీఎంపీ కబురూ పెట్టింది. సర్వర్ ముందున్న ఫైర్‌వాల్ ఆ కబురును మింగేసింది!

డీఎఫ్ బిట్ (అదే ఆ "ముక్కలు చేయొద్దు" గుర్తు) పెట్టి పింగ్ కొట్టి చూడండి: సైజు 1476 పోతుంది, 1500 పోదు. మందు రెండు లైన్లు. టన్నెల్ మీద ఐపీ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400, టీసీపీ ఎంఎస్ఎస్ (అందులో డేటాకి గరిష్ఠ చోటు) 1360.

1476 ఉండగా 1400 ఎందుకంటారా? ఈ పై కవరుకి జిగురు లేదు, దారిలో ఎవరైనా విప్పి చదవొచ్చు. జీఆర్ఈ దేన్నీ ఎన్‌క్రిప్ట్ చేయదు. దాని మీద ఎన్‌క్రిప్ట్ చేసే ఐపీసెక్ వేస్తాం కదా, ఆ మూడో కవరుకి కూడా చోటుండాలి.